మంత్రిగారికి రంగుబెల్లం పాయసం

మంత్రిగారికి నల్లజెండాలు చూపించాల్సిన రోజున, కుక్కుటేశ్వరరావు ఇంటి పెరట్లో దండెం మీద ఒక పక్క జెండాలు ఆరుతున్నాయి. ఇంకో పక్క అదే మంత్రిగారు చేతులు తుడుచుకోవడానికి కొత్త తువ్వాళ్ళు ఆరుతున్నాయి. రెండూ ఉతికించింది కుక్కుటేశ్వరరావు భార్య సత్యలక్ష్మే. తువ్వాళ్ళ సంగతి సరే, జెండాలెందుకు ఉతికించావని అడిగితే, "కొత్త గుడ్డండీ, గంజి కంపు కొడుతోంది. ఎంత తిట్టడానికైనా పెద్దమనిషి మొహం ముందు ఊపేది కదా, శుభ్రంగా ఉండొద్దా?" అంది.

కుక్కుటేశ్వరరావుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలే ఆ వారం ఆయన ప్రాణం ఆయన దగ్గర లేదు.

గోదావరి కాలవ గట్టున ఉన్న కొండేటిపాడు నుంచి ఆయన ప్రతిపక్షం తరఫున ఎమ్మెల్యేగా నెగ్గాడు. ఎమర్జెన్సీ పోయాక వచ్చిన ఎన్నికలవి. ప్రతిపక్షంలో ఉన్నవాడికి దేవుడు ఇచ్చేది నోరు ఒక్కటే. సంతకం పెట్టే కలం, ముందో జీపు, వెనకో జీపు, ఇవన్నీ అవతలి వాళ్ళకి పోతాయి. ఆ ఒక్క నోటినీ ఆయన దాచుకోకుండా వాడేవాడు. రేషను బియ్యంలో రాళ్ళనీ, మంచినూనెలో కలిపే చెత్తనూనెలనీ, దొరకని ఎరువులనీ పట్టుకుని ఆయన లేచి నిలబడ్డాడంటే స్పీకరుగారు గంట మీద చెయ్యి వేసుకుని కూర్చునేవారు.

ఆ నోరే బెల్లం దగ్గర ఆయన్ని ఇరికించింది.

గానుగాడించి వండిన మంచి బెల్లం ముదురు మట్టిరంగులో ఉంటుంది. అది ఈ జిల్లాలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కానీ కొనేవాళ్ళ కన్ను ఎప్పుడో బంగారు రంగు మీద పడింది. పెనంలో ఉడికే రసంలో హైడ్రోసు అనే తెల్లపొడి ఒక గుప్పెడు వేస్తే బెల్లం బంగారం ముద్దలా తేలుతుంది. బట్టల మిల్లుల్లో రంగు విరగ్గొట్టడానికి వాడే పొడి అది. వేసిన రైతు సరుకు ఎగబడి కొంటారు, వెయ్యనివాడి సరుకు నల్లబెల్లం అని మూలకి తోస్తారు. ఇది చాలదన్నట్టు ప్రభుత్వం వారు రంగును బట్టే రకం కట్టాలని కొత్త ఉత్తర్వు తయారుచేశారు. బంగారు రంగుది మొదటి రకం, నల్లది మూడో రకం.

కుక్కుటేశ్వరరావు అసెంబ్లీలో లేచాడు. "అధ్యక్షా, ఈ ఉత్తర్వు బెల్లానికి మార్కులు వెయ్యడం లేదు, పొడికి వేస్తోంది. కలిపినవాడికి దండ, కలపనివాడికి దండన" అన్నాడు.

మార్కెటింగ్ మంత్రి భీమరాజు గారు కూర్చున్న చోటి నుంచే నవ్వారు. "గౌరవ సభ్యులకి మెరిసేదంతా అనుమానమేనండి. రుజువేదీ?" అన్నారు. సభ గొల్లుమంది. సభ గొల్లుమంటే ఈయన ఆగగలడా? "వచ్చే సమావేశాల మొదటిరోజున రుజువు ఈ బల్ల మీద పెడతాను. పెట్టలేకపోతే నా రాజీనామా పెడతాను!" అనేశాడు. సాయంత్రం ప్రాంతీయ వార్తల్లో రేడియో చెప్పాకగానీ తానేమన్నాడో ఆయనకే పూర్తిగా వినపడలేదు.

బజారులో కొన్న రంగుబెల్లం దిమ్మ ఒకటి పరీక్షకి పంపాడు. నెలలు గడిచినా రిపోర్టు రాలేదు. ల్యాబులో అడిగితే మంత్రిగారి పేషీకి పంపామన్నారు. పేషీలో అడిగితే ఇంకా ల్యాబులోనే ఉందన్నారు. బెల్లం కదండీ, ఈపాటికి చీమలు తినేసి ఉంటాయని ఒక గుమాస్తా సానుభూతి చూపించాడు. సోమవారం నుంచి సమావేశాలు. కుక్కుటేశ్వరరావు రాజీనామా రాసుకుని లాల్చీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. పదవి పోతుందని కాదు ఆయన బాధ. ఆయన మాట నమ్మి, పొడి డబ్బా ముట్టమని మొండికేసి, నల్లబెల్లమే వండి ఇంట్లో పేర్చుకుని కూర్చున్న రైతులు ఆ చుట్టుపక్కల ఊరూరా ఉన్నారు. తను ఓడిపోతే వాళ్ళ సరుకు మీద మూడో రకం ముద్ర పడుతుంది. వాళ్ళ మొహం ఎలా చూడాలా అన్నదే దిగులు.

సరిగ్గా ఆ ముందు శనివారమే మంత్రిగారు కొండేటిపాడు మార్కెట్ యార్డులో బెల్లం గ్రేడింగు షెడ్డు ప్రారంభించడానికి వస్తున్నారని తెలిసింది. పార్టీ కుర్రాళ్ళకి నాయకుడైన తాతాజీ ఆ పూటే వెళ్ళి నల్లగుడ్డ తెచ్చాడు. సత్యలక్ష్మి ఆ పూటే మంత్రిగారికి భోజనానికి కబురు పంపింది.

"నల్లజెండాలు పట్టించేవాడింట్లో విందేంటే?" అని కుక్కుటేశ్వరరావు నెత్తి కొట్టుకున్నాడు.

"జెండాలు మీవి, ఇల్లు నాది. ఊరికొచ్చిన పెద్దమనిషి ఎమ్మెల్యేగారి గడప తొక్కకుండా పోయాడనుకోండి, నలుగురూ మిమ్మల్ని అనరు, నన్నంటారు."

మంత్రిగారు మాత్రం తక్కువ తిన్నారా? ఆయనా గోదావరి నీళ్ళు తాగిన మనిషే. భోజనానికి పిలిస్తే కాదనే వంశం కాదు. పైగా ప్రతిపక్షం వారింట విందంటే పేపర్లో ఫొటో. ఆయ్, తప్పకుండా వస్తామని చెప్పమన్నారు.

ఇక మిగిలింది జెండాలు ఎప్పుడు ఊపాలన్న చిక్కు. యార్డు గేటు దగ్గర ఊపేద్దామన్నాడు తాతాజీ. సత్యలక్ష్మి ఒప్పుకోలేదు. "భోజనానికి ముందా? మనసు పాడైతే ముద్ద దిగుతుందా? ఇంత వండి నేనేం చేసుకోను? తిని, తాంబూలం వేసుకుని, కారెక్కేటప్పుడు ఊపండి. అందాకా పెరట్లో మీకూ విస్తళ్ళు వేయిస్తాను" అంది. విస్తళ్ళ మాట వినగానే కుర్రాళ్ళు ఉద్యమాన్ని ఏకగ్రీవంగా వాయిదా వేశారు.

మధ్యాహ్నం మంత్రిగారు రిబ్బను కత్తిరించి, అంబాసిడరు దిగి, నవ్వుతూ లోపలికొచ్చారు. వెంట రాజమండ్రి నుంచి వచ్చిన పత్రికా విలేకరి, బెల్లం వర్తకుల సంఘం అధ్యక్షుడు వెంకటరత్నం ఉన్నారు. వెంకటరత్నం చెడ్డవాడేం కాదు. పెళ్ళికి పిలిస్తే అందరికన్నా ముందొచ్చి అందరికన్నా వెనక వెళ్ళే మనిషి. సత్యలక్ష్మిని చెల్లెమ్మా అని నోరారా పిలుస్తాడు, ఆవిడ కంట తడి పెడితే తనూ పెట్టుకునే రకం. వ్యాపారం దగ్గర మాత్రం ఆయన సిద్ధాంతం ఒక్కటే. "ఉత్తరాదివాళ్ళు బంగారు రంగు అడుగుతున్నారండి, అది అమ్ముతున్నాను. రేపు నీలం రంగు అడిగారనుకోండి, నీలం రంగే అమ్ముతాను."

అందరికీ అరిటాకులు పడ్డాయి. మంత్రిగారికి మాత్రం వెండి కంచం, వెండి గ్లాసు. అది సత్యలక్ష్మి పుట్టింటి వెండి. చుట్టాలొస్తే తప్ప బీరువాలోంచి బయటికి రాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కుక్కుటేశ్వరరావు అందులో ఒక్కపూట తిన్న పాపాన పోలేదు. కొర్రమేను పులుసు, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, గారెలు, అన్నీ వరసగా దిగాయి. ఎంతటి ప్రశ్ననైనా సభలో నవ్వుతూ దాటేసే మంత్రిగారు సత్యలక్ష్మి గరిటె దగ్గర దొరికిపోయారు. చాలన్నకొద్దీ ఆవిడ వడ్డిస్తూనే ఉంది.

అప్పుడు పాయసం వచ్చింది.

కుక్కుటేశ్వరరావు తన ఆకులోకి చూసుకున్నాడు. పాయసం బంగారు రంగులో ఉంది. ఆ ఇంట్లో పాయసం ఏనాడూ ఆ రంగులో లేదు. ఎంగిలి చేత్తోనే వంటింట్లోకి పరిగెత్తాడు.

"సత్యా, ఈ బెల్లం ఎక్కడిదే?"

"వెంకటరత్నం అన్నయ్యగారు పంపారు. మంత్రిగారికి పాయసం చేస్తున్నానని తెలిసి, మంచి దిమ్మ ఏరి మరీ పంపారు పాపం."

"ఇంట్లో మన బెల్లం లేదూ?"

"ఉంది. అది మనకి. మడ్డిరంగు పాయసం తీసుకెళ్ళి మంత్రిగారికి పొయ్యమంటారా? ఎమ్మెల్యే పెళ్ళానికి మంచి బెల్లం కొనే గతి లేదనుకోరూ?"

"ఏడాది నుంచీ నేను గొంతు చించుకుంటున్నది దేని గురించనుకున్నావే?"

"మీరేదో అంటూనే ఉంటారు లెండి. అంత రంగున్నది చెడ్డదెలా అవుతుందండీ?" అంది సత్యలక్ష్మి, కల్లాకపటం లేకుండా.

కుక్కుటేశ్వరరావు గోడకి ఆనుకున్నాడు. సొంత ఇంట్లో, సొంత పొయ్యి మీద మొదటి రకం గెలిచింది. ఊళ్ళో రైతుల్ని ఒప్పించిన నోరు వంటింటి గుమ్మం దాటలేకపోయింది.

ఈలోగా సావిట్లోంచి మంత్రిగారి గొంతు ఖంగుమంది. "ఏమండోయ్ కుక్కుటేశ్వరరావు గారూ! మీ ఇంట్లో కూడా మొదటి రకమేనాండీ?"

"నా కొట్లోదేనండి. ఇవాళ తమరు ముద్ర వేసిన రాశిలోదే!" అన్నాడు వెంకటరత్నం, ఛాతీ విరుచుకుని.

"రాసుకోవయ్యా విలేకరీ. సభలో ఉన్నంతసేపూ విషం, ఇంటికొస్తే పాయసం! సోమవారం ఈ ముక్క నేనే సభలో మనవి చేస్తాను" అంటూ మంత్రిగారు కంచం ముందు కూర్చునే పగలబడి నవ్వారు. విలేకరి ఎడమ చేత్తో రాసుకున్నాడు, కుడిచెయ్యి పాయసంలో ఉంది. కుక్కుటేశ్వరరావు వచ్చి తన ఆకు ముందు కూలబడ్డాడు. భూమి నోరు తెరిచి తనని మింగేస్తే బాగుండుననిపించింది. జేబులో రాజీనామా కాగితం గరగరలాడింది.

"అమ్మా, ఇంకాస్త పొయ్యండమ్మా. ఇంత రుచైన పాయసం నా రాజకీయ జీవితంలో తినలేదు" అన్నారు మంత్రిగారు.

సత్యలక్ష్మి మొహం వెలిగిపోయింది. మంత్రిగారి వాటా ఆవిడ పొద్దున్నే విడిగా తీసింది. వెండి కంచంలో తినే మనిషికి ఇత్తడి గిన్నెలోంచి పోస్తే ఏం బాగుంటుందని, పుట్టింటి పెద్ద వెండి గిన్నెలో పోసి మూతపెట్టి ఉంచింది. ఆ గిన్నె తెచ్చి ఒక గరిటె పోసింది. ఇంకోటి పోసింది. వద్దు వద్దంటుంటే మూడోది పోసింది. గరిటె అడుగు తగిలింది. ఆవిడ గిన్నెలోకి వంగి చూసింది.

పాయసం ఎంత మేర ఉందో అంత మేరా గిన్నె లోపల మసి పూసినట్టు నల్లగా ఉంది. పైన అంచు మాత్రం తళతళలాడుతోంది.

"అమ్మో, నా గిన్నె!"

ఆ కేక వీధి చివరిదాకా వినిపించింది. పెరట్లో భోంచేస్తున్న తాతాజీ అదే సంకేతమనుకుని, నోట్లో గారెతో, చేతిలో నల్లజెండాతో సావిట్లోకి దూకాడు. "ఇప్పుడు ఊపెయ్యమంటారాండీ?" అన్నాడు. "ముందు ఆ గారె మింగు!" అని అరిచాడు కుక్కుటేశ్వరరావు.

సత్యలక్ష్మి గిన్నె పట్టుకుని భోరుమంది. "మా అమ్మ ఇచ్చిన గిన్నండీ! పొద్దున్నే నా చేత్తో తోమి, తుడిచి, అద్దంలా చేసి పెట్టుకున్నాను. మా నల్లబెల్లం పాయసం ఎన్నిసార్లు పోశాను, ఏనాడన్నా మచ్చ పడిందా? ఇప్పుడు మా అమ్మకేం చెప్పను?"

ఆడపడుచులాంటి మనిషి, అన్నం పెట్టిన ఇల్లాలు, ఎదుట నిలబడి అలా ఏడుస్తుంటే వెంకటరత్నం తట్టుకోలేకపోయాడు. ఎంత వ్యాపారం చేసినా మనసు వెన్న. ఆకు ముందు నుంచి గబుక్కున లేచాడు.

"అయ్యయ్యో, ఊరుకోండి చెల్లెమ్మా! గిన్నెకేం కాలేదు. ఆ పొడికి వెండి అలా అవుతుందంతే. ఈ దిమ్మకి పొడి కాస్త ఎక్కువ పడ్డట్టుంది. చింతపండు పెట్టి తోమారంటే ఇట్టే పోతుంది. మా ఇంట్లోనూ ఇలాగే వెండి గ్లాసులు నల్లబడితే మా ఆవిడ నాగరత్నం ఇల్లు పీకి పందిరేసిందండి. అప్పట్నుంచీ ఇంట్లోకి మేం నల్లబెల్లమే తెప్పించుకుంటున్నాం!"

విలేకరి పాయసంలోంచి కుడిచెయ్యి తీసి, ఆకు మీద విదిలించి, ఆ చేత్తోనే కలం పట్టుకున్నాడు. వెంకటరత్నం అన్న మాట అప్పటికి వెంకటరత్నం చెవిదాకా చేరింది.

మంత్రిగారు మెల్లగా అడిగారు. "వెంకటరత్నం గారూ, ఏ పొడండీ?"

"అదేనండి... పొడంటే... ఆ పొడేనండి."

మంత్రిగారు పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. "అమ్మా, నేనెన్ని గరిటలు తిన్నానమ్మా?"

"మూడేనండి. అసలు మీరేం తిన్నారు గనక?" అంది సత్యలక్ష్మి, ఏడుస్తూనే, అలవాటు కొద్దీ.

అంతే, కుక్కుటేశ్వరరావుకి నవ్వు పుట్టింది. ఎక్కడో కడుపు అడుగున మొదలై గొంతుదాకా ఎగబాకింది. ఆపుకుందామనుకున్నాడు, వల్లకాలేదు. నెలల తరబడి మోసిన దిగులంతా నవ్వై బయటికొచ్చేస్తుంటే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. తాతాజీ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. గారె మింగి మరీ నవ్వాడు. పాపం మంత్రిగారు ఒక్కరే మజ్జిగ ఉందా అని అడిగారు.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి గిన్నె లేదు. సత్యలక్ష్మీ లేదు.

కుక్కుటేశ్వరరావుకి నవ్వు గడ్డకట్టింది. పంచె ఎగ్గట్టుకుని పెరట్లోకి ఒకటే పరుగు. నూతి పళ్ళెం దగ్గర సత్యలక్ష్మి పీట వేసుకుని, ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో నానేసిన చింతపండు పట్టుకుని కూర్చుంది.

"ఆగవే! తోమకు! అది నా రుజువే!"

"రుజువేంటి, ఎంగిలి గిన్నె."

"దాన్ని అసెంబ్లీలో బల్ల మీద పెట్టాలి."

"ఎంగిలి గిన్నె పట్టుకెళ్ళి అంతమంది పెద్దల మధ్య పెడతారా?" సత్యలక్ష్మి నిర్ఘాంతపోయింది. "కుక్కుటేశ్వరరావు పెళ్ళాం గిన్నెలు తోమదనుకోరూ? నా పరువేం కాను?"

"తోమావంటే నేను రాజీనామా ఇచ్చేసి ఇంట్లో కూర్చోవాలి."

"కూర్చోండి. వేళకి అన్నమైనా తింటారు."

కుక్కుటేశ్వరరావు నూతి గట్టు మీద కూర్చున్నాడు. అసెంబ్లీలో వాడే గొంతు ఆయనకి ఆ క్షణాన దొరకలేదు. "నా సంగతి వదిలెయ్ సత్యా. నా మాట మీద పొడి వెయ్యకుండా వండినవాళ్ళున్నారు. వాళ్ళ బెల్లం మీద మూడో రకం ముద్ర పడిపోతుంది. నా ఇంట్లో నువ్వే మడ్డిరంగని పక్కన పెట్టావు. ఇంక ఊళ్ళోవాళ్ళు పెట్టరా?"

సత్యలక్ష్మి చింతపండు పట్టుకున్న చెయ్యి ఆగింది. సావిడి వైపు ఒకసారి చూసింది. "ఇంట్లోకి నల్లబెల్లమేనట" అంది మెల్లగా. "నాకు మాత్రం ఏరి మరీ పంపాడట. నేనేమో మన బెల్లం మర్యాదకి పనికిరాదనుకున్నాను. ఎంత బుద్ధితక్కువదాన్నండీ."

మళ్ళీ గిన్నె అందుకుని తోమడం మొదలుపెట్టింది. ఆయన ఆపబోయి గట్టు మీంచి లేచాడు. కానీ ఆవిడ చెయ్యి లోపలికి పోలేదు. ఒక్క చుక్క లోపల పడకుండా బయటంతా తోమింది. తోమి తోమి, కొంగుతో తుడిచి, అద్దంలా మెరిసేదాకా వదల్లేదు. "బయట నాది, లోపల మీది. ఇంక పట్టుకెళ్ళండి" అని చేతికిచ్చింది.

మంత్రిగారు కారెక్కబోతుండగా తాతాజీ, కుర్రాళ్ళు గేటు దగ్గర వరసగా నిలబడ్డారు. కడుపునిండా తిన్నారు, చేతులు లేవడం లేదు. మంత్రిగారే జాలిపడి, "కానివ్వండయ్యా, పాపం ఎండలో నిలబడ్డారు" అన్నారు. ఉతికిన జెండాలు గాలిలో రెపరెపలాడాయి. "మంత్రిగారూ, గో బ్యాక్ అండీ!" అని అరిచారు కుర్రాళ్ళు. "ఆయ్, వెళ్తున్నానండి" అని ఆయన నమస్కారం పెట్టి వెళ్ళారు.

సోమవారం కుక్కుటేశ్వరరావు అసెంబ్లీలో బల్ల మీద వెండి గిన్నె పెట్టాడు. సభ్యులు పాత్రసామాను దుకాణం పెట్టారా అని అధికారపక్షంలో ఎవరో అరిచారు. సభ నవ్వింది. ఈసారి ఆయన నోరు జారలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, స్పీకరుగారిని గిన్నె లోపలికి చూడమని కోరి కూర్చున్నాడు.

భీమరాజు గారు లేచారు. తలుచుకుంటే ఆ గిన్నె ఎవరిదో, ఆ మసి ఎక్కడిదో అని బుకాయించగలరు. ఆయన్ని మించిన బుకాయింపు సభలో లేదు. కానీ పక్షం వేరైనా తిన్న ఇల్లు తిన్న ఇల్లే. కాసేపు గిన్నె వంక చూసి నిట్టూర్చారు. "అధ్యక్షా, ఆ గిన్నెలోంచి మూడు గరిటలు తిన్నది నేనే. వేరే సాక్షిని పిలవక్కర్లేదు. రంగును బట్టి రకం కట్టే ఉత్తర్వు వెనక్కి తీసుకుంటున్నాను. ఇక మీదట పరీక్ష చేశాకే ముద్ర" అన్నారు. ఆ వారంలోనే ల్యాబు రిపోర్టు కూడా బయటపడింది. చీమలు ముట్టుకోలేదట.

కొండేటిపాడులో నల్లబెల్లం ఇళ్ళలోంచి బళ్ళెక్కింది. వెంకటరత్నం కొట్టు ముందు కొత్త బోర్డు వేలాడింది, ఇచ్చట అసలైన నల్లబెల్లం దొరుకునని. అడిగిందే అమ్ముతానని ఆయన ఎప్పుడూ చెబుతూనే ఉన్నాడు.

కుక్కుటేశ్వరరావు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చుంటే, పీట ముందు వెండి కంచం ఉంది. ఉలిక్కిపడి లేవబోయాడు. "ఎవరొస్తున్నారే?"

"ఎవరూ రావట్లేదు. మీకే. కూర్చోండి."

పక్కన ఆ గిన్నె. ఈసారి లోపలా బయటా ఒకేలా మెరుస్తోంది. అందులో ముదురు మట్టిరంగు పాయసం పొగలు కక్కుతోంది. ఆయన దాని వంక చూసి, ఆవిడ వంక చూసి, "మడ్డిరంగే!" అన్నాడు.

"నోరు మూసుకుని తినండి" అంది సత్యలక్ష్మి, గరిటె నిండా పోస్తూ.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన మాట్లాడలేదు.